మూడో బాయి

బెల్లంపల్లిల బాయి అంటె రెండు తీర్లు.
ఒకటి నీళ్లది, ఒకటి బొగ్గుది.
పిల్లలప్పుడు మొదటి దాంట్ల దుంకిన్రు,
మీసాలొచ్చినంక రెండో దాంట్ల దిగిన్రు.
మొదటిది పూడిపోయింది.
రెండోదానికి మూత పెట్టిన్రు.

ఇగ మిగిలింది
పాత క్లబ్బు ఎనుక నీలి పలకల తొట్టి.
పదకొండేండ్లు ఎండి, తుమ్మ మొలిచి
మేకలు పండుకున్న తొట్టి.
స్విమ్మింగ్ పూల్ అని బోర్డు రాసినం.
మా అత్త "పూలుకు పోతున్న" అని బయలెల్లితె
పక్కింటి శంకరవ్వ కిటికీల నుంచి
"నాకు రెండు మూరలు తే" అన్నది.

మేం తొమ్మిదిమందిమి. జీతం లేదు.
తాళంచెవి ఒక్కటే,
ఒక దినం ఒకరి కొంగుకు, ఒక దినం ఒకరి మొలతాడుకు.
సోమవారం నాది.

పొద్దుగాల నుస్రత్ వస్తది.
గాజుగొట్టంల నీళ్లు వట్టి మందు మూడు చుక్కలేసి
సూర్యునికి అడ్డం పెట్టి చూస్తది.
"బీరపువ్వంత పసుపు చాలక్కా,
తంగేడంత ముదిరిందంటె
పోరగాండ్ల కండ్లు మిరపపండ్లయితయి."

రాజేశం సారు రిజిస్టరు రాస్తడు.
పేరు. వయసు. ఈత వచ్చునా, రాదా?
మా అత్త ఆ గడిల
"చూస్త" అని రాయించింది.
నైటీలతోని నీళ్లల్ల దిగవద్దని గోడ మీద రాసినం.
ఆడోళ్ల గంట సగం ఖాళీ అయింది.
మూడోనాడు మేమే తడిగుడ్డతోని తుడిపేసినం.

ఓదెలు మామ పంపు ఖలాసీ.
ముప్పయి రెండేండ్లు భూమి కడుపులకెల్లి
నీళ్లు బయటికి తోలిండు.
ఇప్పుడు అవే చేతులతోని వాల్వు తిప్పి
లోపటికి నింపుతున్నడు.
"నీళ్లకు తొవ్వ తెల్వది బిడ్డా,
మనమే చెప్పాలె" అంటడు.
ముక్కాలిపీట మీద, మెడల విజిలు,
లుంగీ మోకాళ్ల మీదికి మడిచి.
ఒక్కనాడు గుడ కాలు తడుపలె.

ఎందుకని ఎవ్వరం అడుగలె.
ఒక రాత్రి షిఫ్టుల లెక్క తక్కువొచ్చిందట.
అంతే చెప్తడు. ఆ మాట కాడ వాల్వు గట్టిగ బిగిస్తడు.

మొన్న శనివారం
ఆరున్నరకు కరెంటు వోయింది.
మొదలు పిల్లలు నవ్విన్రు.
ఆ నవ్వు మెల్లగ పలుచనైంది,
ఎవరిదో ఏడుపు దాంట్లకెల్లి బయటికొచ్చింది.
నేను టార్చి కోసం సంచి బోర్లించిన.
దువ్వెన దొరికింది, బస్సు టికెట్లు దొరికినయి.

అప్పుడు విజిలు. ఒక్కటే, పొడుగ్గ.
"గోడ పట్టుకోండ్రి.
పక్కోని చెయ్యి ముట్టుకోండ్రి.
నంబరు చెప్పుండ్రి."

ఆ గొంతు పూలుది కాదు.
ఎక్కడ్నో లోతుల, దీపం నెత్తిన పెట్టుకున్న గొంతు.

ఒకటి. రెండు. మూడు.
నాలుగు చెప్పినోనికి పండ్లు కొట్టుకుంటున్నయి.
ఐదు. ఆరు. ఏడు.

ఎనిమిది రాలె.

నీళ్లు కదిలిన సప్పుడు,
చేప సప్పుడు కాదు, పిల్లల సప్పుడు కాదు,
ఒక బరువు మనిషి దిగిన సప్పుడు.

టార్చి ఎలిగేసరికి
ఐదడుగుల గీత కాడ ఓదెలు మామ,
గదుమ దాక నీళ్లు, సుట్టూ తేలుతున్న గళ్ల లుంగీ,
పాదాలతోని ఒక్కొక్క పలకను
తడుముకుంట పోతున్నడు.

ఎనిమిదోడు రిత్విక్
బట్టలు మార్చుకునే అర్రలున్నడు,
ఉడకబెట్టిన పల్లికాయ ఒలుసుకుంట.
"నన్ను పిలిచిన్రా?" అన్నడు.

ఎవ్వరం తిట్టలె. ఎవ్వరం నవ్వలె.
మామ ఒడ్డుకొచ్చి తడిచెయ్యి వాని నెత్తిన పెట్టి
"ఎనిమిది" అన్నడు.
ఇంకోసారి, తనకే ఇనపడేటట్టు,
"ఎనిమిది."

కరెంటొచ్చింది. పిల్లలందరు ఎక్కిన్రు.
మామ ఎక్కలె.
నిచ్చెన పట్టుకొని నీళ్లల్లనే నిలబడి
నా దిక్కు చూసి
"గోరువెచ్చగున్నయి గదనే" అన్నడు,
ఎవరో ఇన్నేండ్లు అబద్ధం చెప్పినట్టు.

సోమవారం తాళం తీసి రిజిస్టరు తెరిచిన.
స్కేలు పెట్టి కొత్త గీతలు,
కుడి పక్కకు ఒరిగిన దస్తూరి:
దిగినోళ్లు తొమ్మిది.
ఎక్కినోళ్లు తొమ్మిది.

ఆ పుట ఒక్కటి తడిసి ఎండి
అప్పడం లెక్క ఉబ్బింది.